నెత్తళ్ళ మీద చర్చి చాపలు

మా అమ్మమ్మది నాగాయలంక. దివిసీమకు ఉప్పెన వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. ఆ సంగతి ఎవరు అడిగినా చెప్పదు. కానీ దక్షిణం వైపు మబ్బు నల్లబడితే చేతిలో పని ఆపేసి అటే చూస్తూ ఉండిపోతుంది. చిన్నప్పుడు ఆమె దగ్గర పెరిగాను కాబట్టి ఆ భయం నాకూ అంటుకుంది. మా అమ్మకు మాత్రం అంటలేదు.

మాది బందరు పక్కన సముద్రపు ఊరు. నాన్న చిన్నబాబు వేరేవాళ్ళ బోటు మీద కూలికి వెళ్తాడు. అమ్మ వీరలక్ష్మి కొద్దికొద్దిగా చేపలు కొని, ఎండబెట్టి, బుట్టలో పెట్టుకుని అమ్మేది. ఈ ఏడు గుడివాడలో ఎండుచేపల కొట్టున్న మధుసూదనరావు గారు ఆమెతో ఒక మాట అన్నారు. వేలెడంత ఉండే నెత్తళ్ళను ఇసుక అంటకుండా, రంగు మారకుండా ఎండబెట్టి తెస్తే ఎంత తెచ్చినా తీసుకుంటాననీ, మొదటి సరుకు చూశాకే మిగతా మాటలనీ చెప్పారు. ఆ మొదటి సరుకు కోసం అమ్మ నాన్నను డబ్బు అడిగింది. అది నాన్న సొంత వల కొనుక్కోవడానికి దాచుకుంటున్న డబ్బు.

"మీ దేవుడు హామీ సంతకం పెడతాడా?" అన్నాడు నాన్న. నాన్న చర్చికి రాడు. అమ్మను వెళ్ళొద్దనీ అనడు.

"ఎప్పుడో పెట్టాడు. బైబిల్ తెరిస్తే కనిపిస్తది."

నాన్న నవ్వి డబ్బు ఇచ్చాడు. ఇచ్చాక నవ్వు ఆపాడు. "ఇది పోతే నాకు వల లేదు వీరలక్ష్మీ. దీన్ని కాలేజీ మాన్పించి రొయ్యల షెడ్డుకు పంపాలి. తర్వాత నన్ను అనొద్దు, ముందే చెప్తున్నా."

దీన్ని అంటే నన్నే. ఇంటర్ మొదటి సంవత్సరం బందరులో చదువుతున్నాను. రొయ్యలు వలవడానికి షెడ్డుకు వెళ్ళే మా పక్కింటి అక్క చేతివేళ్ళు ఐసులో నాని తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఆ మాట విన్నప్పటి నుంచి పుస్తకం తెరిస్తే నా వేళ్ళే నాకు కనిపించేవి.

శుక్రవారం పొద్దున బోటు దగ్గర అమ్మ ఒకేసారి అన్ని నెత్తళ్ళు కొనడం చూసి రేవులో జనం ఆగి చూశారు. ఒడ్డు మీద కర్రలు పాతి, వాటికి పాత వలలు కట్టి, ఇసుక అంటకుండా చేపలను వాటి మీద పరిచాం. ప్రార్థన చేయడానికి దానియేలు అయ్యగారు వచ్చారు. మా చర్చి పాస్టరు గారిని అందరం అయ్యగారనే పిలుస్తాం. ఆయన చేపల మీదుగా చెయ్యి చాపి, "ప్రభువా, ఈ బిడ్డ మొదలుపెట్టిన పనిని నీ చేతికి అప్పగిస్తున్నాం. గాలీ మేఘమూ నీ మాట వింటాయి. వీటి మీద నీ చెయ్యి కప్పు" అన్నారు. అమ్మ కళ్ళు మూసుకుని ఏడ్చింది. నేను ఒక కన్ను తెరిచి దక్షిణం వైపు చూశాను. ఏమీ లేదు.

శనివారం సాయంత్రం అమ్మ, వాన వస్తే కప్పడానికని టెంటు హౌసు నుంచి అద్దెకు తెచ్చిన టార్పాలిన్ పట్టాలు మడత పెట్టడం మొదలుపెట్టింది.

"ఎందుకమ్మా మడతపెడుతున్నావు?"

"ఇచ్చేసి వద్దాం. ఆ చివర పట్టుకో."

"ఇంకా పూర్తిగా ఎండలేదుగా. ఉంచుకుందాం."

"భార్గవీ, అయ్యగారు ఏమని ప్రార్థన చేశారు? నీ చెయ్యి కప్పు అన్నారు. ఒక చేత్తో ఆయనకు అప్పగించి రెండో చేత్తో పట్టా పట్టుకుని నిలబడితే ఆయనేమనుకుంటాడు? వీళ్ళకు నా మీద నమ్మకం లేదనుకోడూ?"

"వాన వస్తేనో?"

"నోరు మూసుకో. ఆ మాట పైకి అనకూడదు."

నేను నోరు మూసుకున్నాను. అది నాకు కష్టం కాదు. స్కూల్లో పదేళ్ళు చదివినా లేచి నిలబడి జవాబు చెప్పింది తక్కువ. ఏదైనా ఉంటే డైరీలో రాసుకుంటాను. ఆ రోజు రాసింది ఒక్క మాటే. ప్రభువా, నువ్వు కోపం తెచ్చుకోవద్దు, నాకు పట్టాలుంటే బాగుండేది అనిపిస్తోంది.

ఆదివారం ఎండ బాగా వచ్చింది. చేపలను ఒకసారి తిరగేసి చర్చికి వెళ్ళాం. మా చర్చికి పైన రేకులున్నాయి కానీ గోడలు ఇంకా కట్టలేదు. మూడు వైపులా నీలం పట్టాలు తాళ్ళతో స్తంభాలకు కట్టి ఉంటాయి. కింద ప్లాస్టిక్ చాపలు పరుస్తారు. నేను ఎప్పుడూ కూర్చునే అంచున పట్టాకూ స్తంభానికీ మధ్య అరచేయంత సందు ఉంటుంది. అందులోంచి సముద్రం కనిపిస్తుంది.

పాటలు అయ్యేసరికి ఆ సందులో నీళ్ళ రంగు మారింది. మొదట నా కళ్ళే అనుకున్నాను. మళ్ళీ చూశాను. సముద్రం మీద నల్లగా ఒక గీత. వాక్యం చదివేలోపు ఆ గీత లావయింది. గాలి ఆగిపోయింది. నా మెడ వెనక చెమట పట్టింది. అమ్మమ్మ ఇక్కడ ఉంటే ఈపాటికి లేచి నిలబడి ఉండేది.

నేను అమ్మ మోకాలు గిల్లాను. ఆమె సందులోంచి చూసింది. చూడనట్టే తల ముందుకు తిప్పుకుంది. కొంగు మాత్రం చెవుల మీదుగా ఇంకా కిందికి లాక్కుంది. అప్పుడు నాకు ఆమె చెయ్యి కనిపించింది. బైబిల్ కింద దాచుకుని చాప అంచు పీకుతోంది.

అమ్మకూ భయమేనని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమెకు తెలిసే లేవడం లేదు. లేస్తే తను నమ్మలేదని దేవుడికి తెలిసిపోతుందని కూర్చుంది. నా భయం రెండింతలయింది. వాన వస్తే చేపలు పోతాయి. చేపలు పోతే, ఆమె నమ్మింది కూడా పోతుందేమో.

అయ్యగారు బైబిల్ మూసి, "సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి" అన్నారు. మా చర్చిలో ఆ సమయంలో ఎవరికి జరిగిన మేలు వాళ్ళు లేచి చెప్తారు. ఎప్పుడూ ముందు లేచేది ఝాన్సీలక్ష్మి అత్త. ఆమె బుట్టలో పచ్చిచేపలు పెట్టుకుని ఊరూరా అమ్ముతుంది. ఆ రోజు కూడా లేవబోయి నన్ను చూసి ఆగింది.

నేను లేచి ఉన్నాను. ఎలా లేచానో తెలియదు.

"భార్గవీ? చెప్పమ్మా" అన్నారు అయ్యగారు. ఆయనకు నా గొంతు కూడా సరిగ్గా తెలియదు.

"మబ్బు పట్టిందండీ."

అందరూ నా వైపు తిరిగారు. "మా చేపలు బయట ఉన్నాయి. పట్టాలు లేవు. నాకు భయంగా ఉంది. అంతేనండీ."

"కూర్చో" అంది అమ్మ, పెదవులు కదలకుండా.

"వీరలక్ష్మమ్మా, పట్టాలు తెచ్చారు కదా, నేను చూశాను" అన్నారు అయ్యగారు.

"ఇచ్చేశానండీ." అమ్మ తల ఎత్తలేదు. "మీరు ప్రార్థన చేశారు కదండీ. ఇంకా ఉంచుకుంటే అనుమానించినట్టు కాదా?"

అయ్యగారు చేతిలో బైబిల్ కింద పెట్టారు. ఆయన ముఖం చూస్తే ఎవరో ఆయన్నే తిట్టినట్టుంది.

"ప్రార్థన చేసుకునే రోజూ పడుకుంటానమ్మా నేను. చేశాక తలుపు గడియ కూడా పెడతాను" అన్నారు. "ఆ మాట నీకు చెప్పకపోవడం నాది తప్పు."

ఆయన పక్క స్తంభం దగ్గరికి నడిచి పట్టాకు కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టారు. ముడి బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో లాగారు.

"అయ్యగారూ, ఆరాధన అవలేదండీ" అన్నారెవరో.

"అవలేదు. అక్కడ చేద్దాం. లేవండి, ఎవరి చాప వాళ్ళు తీసుకోండి."

"కానుకలు ఇంకా పట్టలేదు కదండీ" అంది ఝాన్సీలక్ష్మి అత్త, చాప చుట్టి చంకలో పెట్టుకుంటూ. "ఈ వారం కానుక చాపలే అనుకుంటా. వీరలక్ష్మీ, నా చాపకు నీసు వాసన పట్టిందో, వచ్చే ఆదివారం నీ ఒళ్ళోనే కూర్చుంటా."

ఎవరూ నవ్వడానికి ఆగలేదు. అందరూ పట్టాలూ చాపలూ ఎత్తుకుని ఒడ్డుకు పరుగెత్తుతున్నారు. వెనక్కి తిరిగి చూస్తే మా చర్చికి పట్టా గోడలు కూడా లేవు, రేకులూ స్తంభాలే ఉన్నాయి. గాలి లేచింది. ముందు ఇసుక వచ్చి ముఖానికి కొట్టింది, తర్వాత చినుకులు. పట్టా గాలికి ఎగిరి అయ్యగారిని ఈడ్చుకుపోతోంది. తెల్ల చొక్కా అంతా తడిసిపోయింది. ఒక చివర నేను పట్టుకున్నాను, నిలవడం లేదు. ఎవరో వచ్చి నా చేతుల మీదుగా ఆ చివర గట్టిగా లాగారు. చూస్తే నాన్న. రేవులో పేకాట వదిలి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, చేతిలో ఇంకా ముక్కలున్నాయి. అవి పారేసి రాయి తెచ్చి పట్టా మీద పెట్టాడు.

"మీ చర్చి ఎగిరిపోతుంది, అటు లాగండి అయ్యగారూ" అని అరిచాడు.

పట్టాలు చాలలేదు. సముద్రం వైపు వరసకు చాపలు కప్పాం. అవి ఆగలేదు. ఒకటి లేచిపోయి నీళ్ళలో పడింది. నేను ఆ వరస మీద నా చున్నీ పరిచి దాని మీద పడుకున్నాను. వాన వీపు మీద రాళ్ళలా పడుతోంది. కింద చేపలు మెత్తబడడం పొట్టకు తెలుస్తోంది. అప్పుడు నేను ప్రార్థన చేశాను. మాటలు రాలేదు. భయమే చెప్పుకున్నాను.

వాన ఆగాక చూస్తే లోపలి వరసలు పొడిగా ఉన్నాయి. నేను పడుకున్న వరస పోయింది.

అమ్మ ఆ తడిసిన చేపలు చేతుల్లోకి తీసుకుని కూర్చుంది. "నేను నమ్మలేదా భార్గవీ? ఎక్కడ తప్పాను?" అంది. ఆమె పక్కన కూర్చుని మెత్తబడ్డవి వేరే గంపలో వేయడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమె కూడా వేయసాగింది. నాన్న వాటిని చూసి, "అవి కోళ్ళ మేతకే" అన్నాడు. గంప బరువు ఎత్తి చూసి కింద పెట్టాడు. ఆ బరువు చూస్తే నాకు రొయ్యల షెడ్డే గుర్తొచ్చింది.

మిగిలినవి బాగా ఎండాక నేనూ అమ్మా గోతాలు బస్సులో వేసుకుని గుడివాడ వెళ్ళాం. దారంతా నా వేళ్ళు చున్నీలో దాచుకునే కూర్చున్నాను. మధుసూదనరావు గారు ఒక నెత్తలి విరిచి వాసన చూశారు. ఇంకో గోతంలో అడుగుదాకా చెయ్యి పెట్టి ఇంకొకటి తీశారు. అమ్మ పెదవులు కదులుతున్నాయి.

"ఆదివారం అటువైపు వాన పడిందని విన్నాను. ఇవి తడవలేదా?"

"తడిసినవి వేరే తీసేశామండీ. అవి తేలేదు" అంది అమ్మ.

ఆయన అమ్మను చూశారు, చేపను చూశారు. "వచ్చే వారం కూడా ఇవే తేగలవా? మధ్యలో ఆపితే నాకు కుదరదమ్మా."

"దేవుడి దయవల్ల తెస్తానండీ" అంది అమ్మ. మళ్ళీ ఒక క్షణం ఆగి, "పట్టాలు ఎక్కడ దొరుకుతాయండీ ఇక్కడ?" అని అడిగింది.

నాన్న వల డబ్బు మొత్తం తిరిగి రాలేదు. వచ్చిన దాంట్లోంచి పట్టాలు కొన్నాం. బస్సులో అమ్మ ఆ కట్టను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుంది. నన్ను కాలేజీ మాన్పించే మాట నాన్న ఇంకా ఎత్తలేదు. ఎత్తడని ఎవరూ చెప్పలేదు కూడా.

ఈ శనివారం కొత్త చేపలు పరిచాం. చర్చికి పట్టా గోడలు మళ్ళీ కట్టారు, కొంచెం నీసు వాసన వేస్తున్నాయి. సాయంత్రం అమ్మ వలల మధ్య వంగి చేపలు తిరగేస్తూ, తల ఎత్తకుండా నన్ను పిలిచింది.

"భార్గవీ, దక్షిణం ఎలా ఉంది?"

చూశాను. దూరంగా ఒక చిన్న మబ్బు ఉంది. అమ్మమ్మలాగే చేతిలో పని ఆపేసి నిలబడ్డాను.

"ఉందమ్మా, చిన్నది."

"సరే. కనిపెట్టుకుని ఉండు" అంది అమ్మ. "నేను ప్రార్థన చేసుకుంటాను. పెద్దదైతే పిలువు."