నిసార్ వదిలేసిన చెట్లు

గల్ఫ్‌లో సమాయిల్ అనే ఊరి ఖర్జూరపు తోటలో వహీద్‌కి పని ఇప్పించింది నిసార్ అహ్మదే. ఇద్దరిదీ కడప దగ్గర ఒకే ఊరు. నడుముకు తాడు బిగించి చెట్టెక్కడం, ఎండు మట్టలు కోయడం అన్నీ ఆయనే నేర్పాడు. కానీ ఫలజ్ కాలువ గట్టునున్న పన్నెండు చెట్ల జోలికి మాత్రం తను పోడు, ఎవర్నీ పోనివ్వడు. వాటికి ఏళ్లనాటి ఎండు మట్టలు గుబురుగా వేలాడుతుండేవి.

"వాట్లో గబ్బిలాలుండాయి రా. తోటలో పురుగుల్ని అవే తింటాయి" అనేవాడు.

ముసలాయన ఎక్కలేక చెప్పే కబుర్లనుకున్నాడు వహీద్. అనుకుని ఊరుకున్నా బాగుండేది. "నిసార్ చాచా పనిదొంగ సార్" అని సూపర్‌వైజర్ జయదేవ్ చెవిన వేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఆ ఏడు నిసార్ వీసా రెన్యూ కాలేదు. ఎవరు చెప్పారో తెలియని ఆ పెద్దమనిషి, పోతూ పోతూ తన కొడవలి వహీద్‌కే ఇచ్చిపోయాడు.

తర్వాత ఏటా చలికాలంలో రెండేసి గట్టు చెట్లు శుభ్రం చేశాడు వహీద్. మట్టలు రాలుతుంటే గబ్బిలాలు పగటి వెలుగులో దిక్కుతోచక ఎగిరిపోయేవి. తోట అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. మూడేళ్లకు సాయంత్రాలు కాలువ మీద రెక్కల చప్పుడు పలచబడింది. నాలుగో ఏడు పురుగు పెరిగి ఆకులకు తేనెబంక పట్టింది. ఆ మరుసటేడు రెండుసార్లు మందు కొట్టినా వదల్లేదు, కాయ సన్నబడింది.

ఈ చలికాలం ఒకటి కోశాక, ఇక ఒక్క చెట్టే మిగిలింది. వహీద్ ఎక్కి, మట్టలు పక్కకు తీసి చూశాడు. ఒకదాన్నొకటి హత్తుకుని ఆరేడు గబ్బిలాలు. తోట మొత్తానికి మిగిలినవి అవే. అతనికి ఏడుపొచ్చింది. కొయ్యకుండానే దిగాడు.

"ఏంటయ్యా, నువ్వూ నిసార్‌లా తయారయ్యావా?" అన్నాడు కింద నిలబడ్డ జయదేవ్.

నడుం నొప్పి అంటే సరిపోయేది. నిజం చెబితే తన డ్యూటీకే ఎసరు.

"చాచా పనిదొంగ కాడు సార్. గబ్బిలాల కోసం ఆ చెట్లు ఇడిసిపెట్టినాడు. ఆయన జెప్పినా నమ్మక, మీకు తప్పుగా జెప్పినా."

జయదేవ్ ముఖం ఎర్రబడింది. బంక పట్టిన ఆకుల్ని చాలాసేపు చూశాడు.

"నీ సంగతి తర్వాత చూస్తాను. ముందు ఆయనకి ఫోన్ చెయ్యి. ఇప్పుడేం చెయ్యాలో అడుగుదాం."

నంబరు కలిపాడు వహీద్. "చాచా" అన్నాడు.

"వహీదేనా? బాగుండావా నాయనా?" నిసార్ గొంతులో సంతోషం పొంగింది. "కాలవ గట్టున నా చెట్లు ఎట్లుండాయి రా?"