నాలుగో సాలు

మూడో సాలు కోత సగానికి వచ్చేసరికి బుర్మాకాన్ నడుం పట్టేసింది. అయినా లేవలేదు. సన్న ఉల్లికాడలను పిడికిట పట్టి, నేలకు కాస్త పైన కొడవలితో కోసి, గడ్డిపోచతో కట్టి బుట్టలో వేస్తోంది. ఆ వాసన చేతులకు అంటి ముప్పై ఏళ్లయింది. ఎంత తోమినా పోదు. ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ విశ్రాంతి గృహానికి వంటతోట అది. తోట వాళ్లది, చాకిరీ ఈమెది.

నాలుగో సాలును మాత్రం ఆమె కోయదు, పూతకు వదిలేస్తుంది. ఆపిల్ పూత రాలాక, కొండమీది పచ్చిక పూచేలోగా రెండు వారాలు తేనెటీగలకు కరువు. ఆ రోజుల్లో ఊదారంగు పూబంతులతో ఈ సాలు వాటికి అన్నం పెడుతుంది. పన్నెండు పెట్టెల ఈగలకు ఒక్క సాలు ఏ మూలకు? ఆ లెక్క ఈగలు పెంచే మంబెతాలీ ఎప్పుడూ అడగలేదు. ఆరేళ్లుగా అతను తన పెట్టెలు తెచ్చి ఈ గోడ పక్కనే దింపుతున్నది ఒక్క ఈగల కోసమే కాదని తోటలో బాతులకు కూడా తెలుసు.

"మనుషుల కడుపు మాడ్చి ఈగల్ని మేపుతావేం పిన్నీ!" వంటమనిషి కెంజెకాన్ బుట్ట అందుకుంటూ అంది. "ఒరోమో పిండిచుట్టల్లో పెట్టి ఉడికించడానికి ఈ కాడలు చాలవు."

"పూసిన కాడ పంటికి నారలా తగులుతుందే. మూడు సాళ్లూ నీవేగా, ఇంకా ఏడుపెందుకు?"

"సరే, ఆ ముసలాయనకన్నా ఏదో ఒకటి చెప్పు. పెట్టెల్ని కొండకి చేర్చే లారీ ఇవాళే వస్తోంది."

నెల కిందట మంబెతాలీ తనను పెళ్లాడి కొండకు రమ్మన్నాడు. భర్త పోయి పద్దెనిమిదేళ్లయిన బుర్మాకాన్‌కు వెళ్లాలనే ఉంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇంత ఆశేమిటని సిగ్గుగానూ ఉంది. కానీ తను లారీ ఎక్కితే వారం తిరగకుండా నాలుగో సాలు కెంజెకాన్ కుండలో పడుతుంది, వచ్చే ఏడు ఈగలు తిరిగొచ్చినా దాన్ని పూతకు వదిలేవాళ్లుండరు. అందుకే అవుననలేదు, కాదనలేదు.

మధ్యాహ్నం లారీలోంచి మంబెతాలీ అక్క జూరా దిగింది. చేతిరుమాల్లో వెండి కమ్మలు, చంకలో పెళ్లికూతురికి కట్టే తెల్లటి తలగుడ్డ. మగపెళ్లివారి తరఫు ఆడమనిషి చెవులకు కమ్మలు పెట్టిందంటే అక్కడ సంబంధం ఖాయమైనట్టే.

"మా వాడు నోట్లో తేనె పోసుకుని కూర్చుంటాడు, వాడి వల్ల కాదు. చెవి ఇటు తిప్పు మరదలా."

"ఆగు వదినా. ఆ సాలుకి ఒక దిక్కు చూడనీ."

అంతలో కెంజెకాన్ కత్తి పట్టుకుని మళ్లీ తోటలోకి వచ్చింది. గోడ నీడలో ఉన్న వీళ్లిద్దరినీ చూడలేదు. కోసేసిన మూడు సాళ్లూ దాటి నాలుగోదాని ముందు వంగింది. కెంజెకాన్ ఒక గుప్పెడు పట్టుకుంది. పూల మీంచి ఈగలు గుయ్‌మని లేచాయి. ఆమె చెయ్యి వదిలేసింది.

"సరే, తినండి తల్లీ తినండి," అంది వాటితో. "నేను ఉల్లిగడ్డలు తరుక్కుంటాలే. ఆవిడ వెళ్లిపోతోందిగా, ఎలాగూ ఏడవాల్సిందేగా."

బుర్మాకాన్ చెవి తిప్పింది.

తీరా చూస్తే చెవి చిల్లు పూడిపోయింది. జూరా గుచ్చుతుంటే "చంపేస్తున్నావ్ వదినా!" అని కేక. ఆ కేకకు కెంజెకాన్ పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి, నవ్వాపుకోలేక కింద కూలబడింది. చివరికి దారంతో కమ్మలను చెవులకు చుట్టి కట్టారు. లారీ దగ్గర మంబెతాలీ పన్నెండు పెట్టెలనూ నాలుగోసారి లెక్కపెడుతున్నాడు, ముఖమంతా నవ్వే.

పొద్దు వాలి ఈగలు గూటికి చేరాక పెట్టెల వాకిళ్లు మూసి లారీకెక్కించారు. జూరా బుర్మాకాన్ తలకు తెల్లగుడ్డ కట్టింది. లారీ కదులుతుంటే బుర్మాకాన్ తల బయటపెట్టి కెంజెకాన్‌కు అరిచింది:

"మంగళవారం కాలవ నీళ్లు మనకే వదుల్తారు, మర్చిపోకే!"

"తెలుసులే, పో పెళ్లికూతురా!"

దుమ్ము అణిగాక తోటలో కెంజెకాన్ ఒక్కతే మిగిలింది. నాలుగో సాలు చివర కర్రకు బుర్మాకాన్ విప్పేసిన పూల తలగుడ్డ వేలాడుతోంది, గడ్డం కింద ముడిపడే చోట మడతలు ఇంకా అలాగే ఉన్నాయి.