కట్టేసిన క్రేన్

పని ముగించి దిగే ముందు, క్రేన్ నడిపే మేస్త్రీ ఉస్తా బస్యూనీ చేసే చివరి పని క్రేన్‌ను విడిచిపెట్టడం. కొక్కేన్ని పైకి లాగి, స్తంభం దగ్గరికి జరిపి, ఆ తర్వాత క్రేన్ చెయ్యి తిరగకుండా పట్టి ఉంచే బ్రేకును వదిలేసేవాడు. అల్లా పేరు తలుచుకుని నిచ్చెన దిగేవాడు. పైన మనిషి లేనప్పుడు ఆ పొడవాటి ఇనుప చెయ్యి గాలి ఎటు తోస్తే అటు తిరగాలి. తిరిగితే గాలి దాని పక్కనుంచి జారిపోతుంది. కదలకుండా బిగించేస్తే గాలికి అడ్డం నిలబడుతుంది. అప్పుడు దెబ్బంతా స్తంభం మొదట్లో పడుతుంది. క్రేన్ నడిపేవాడికి ఇది ఓనమాల్లాంటి నియమం.

అన్ఫూషీ వీధికి ఈ నియమం తెలియదు. వాళ్ళకు తెలిసినవి సముద్రం, వలలు, చలికాలపు తుపాన్లు. ఏ తుపాను ఏ రోజుల్లో వస్తుందో తాతల నాటి నుంచి పేరు పెట్టి మరీ చెప్పుకుంటారు. 'చీపురు' అనే తుపాను రావలసిన రోజులవి. గాలి కొంచెం కొంచెంగా రేగుతోంది. తెల్లవారుజామున నమాజుకు బయలుదేరినవాళ్ళు తలెత్తి చూస్తే, హాజీ దుసూకీ కడుతున్న మేడ పక్కన క్రేన్ తనంత తానే తిరుగుతోంది. లోపల మనిషి లేడు. దాని చెయ్యి వీధి దాటి, రయ్యిస్ ఖమీస్ ఇంటి కప్పు మీదికి వచ్చి, కాసేపు అక్కడే ఆగి, మళ్ళీ నెమ్మదిగా వెనక్కి పోయింది.

పొద్దెక్కేసరికి ఆ మాట వీధంతా గుప్పుమంది.

"ఏం ఉస్తా, నీ క్రేన్ నిద్రలో నడుస్తోందట?" అన్నాడు కాఫీ కొట్టు జాబిర్, బస్యూనీ ముందు టీ గ్లాసు పెడుతూ.

"నిద్రలో కాదురా, ఖిబ్లా వెతుక్కుంటోంది," అన్నాడు పక్క బల్ల దగ్గర డామినోలు కలుపుతున్న ముసలాయన. "నమాజుకు ఏ దిక్కు తిరగాలో దానికి ఎవరూ చెప్పలేదేమో పాపం."

అందరూ నవ్వారు. బస్యూనీ కూడా నవ్వాడు. "అది గాలి మాట వింటుంది బాబాయ్. నువ్వు పిన్ని మాట విన్నట్టే."

"అయితే మంచి క్రేనే," అన్నాడు ముసలాయన.

హాజా నఈమా మాత్రం నవ్వడానికి రాలేదు. ఆమె రయ్యిస్ ఖమీస్ భార్య. ఖమీస్ ఒకప్పుడు పెద్ద చేపల పడవకు రయ్యిస్, అంటే సారంగు. పక్షవాతం వచ్చి ఒక పక్కా, మాటా పోయాయి. ఇంటి పై గదిలో, కిటికీ కింద మంచం మీద పడి ఉంటాడు. నఈమా నల్ల దుప్పటా సర్దుకుంటూ కొట్టు గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాయనా బస్యూనీ, ఆ ఇనుప చెయ్యి మా నెత్తి మీదికొచ్చి నిలబడింది. మా ముసలాయన దాన్నే చూస్తూ పడుకున్నాడు. అది పడితే ఆయన్ని ఎత్తుకుని పరుగెత్తగలనా నేను? కట్టేసి పో నాయనా. మేకపిల్లనైనా కట్టేసి పోతాం కదా."

"పెద్దమ్మా, అది తిరుగుతుంటేనే క్షేమం. కదలకుండా చేస్తేనే ప్రమాదం."

"ఇంట్లో తలుపు గాలికి కొట్టుకుంటుంటే గడియ పెడతావా, ఊగనీలే అని పడుకుంటావా?"

బస్యూనీ దగ్గర సమాధానం లేకపోలేదు. ఆమె కళ్ళలోని భయం ముందు అది నిలిచేది కాదు, అంతే. తాను ఎప్పుడూ క్రేన్ ఎక్కనివాడై, తన ఇంటి కప్పు మీద అది తిరుగుతుంటే, తాను మాత్రం ఇంకేమనుకునేవాడు?

ఆ రోజు సాయంత్రం అసర్ నమాజయ్యాక మసీదు అరుగు మీద పంచాయితీ జరిగింది. షేఖ్ ఫత్‌హల్లా పక్కన హాజీ దుసూకీ కూర్చున్నాడు. దుసూకీ లోభి కాడు, దుర్మార్గుడూ కాడు. ఇరుగుపొరుగు ఉసురు తగులుతుందేమోనని జంకే మనిషి. మేడ మొదలుపెట్టినప్పుడు గొర్రెను కోసి వీధంతా పంచిపెట్టాడు.

"నువ్వు నమాజు తప్పనివాడివి బస్యూనీ," అన్నాడు షేఖ్. ఆయన గొంతులో కోపం లేదు. "పెద్దల మాట నీకు నేను చెప్పాలా? ముందు ఒంటెను కట్టేయి, ఆ తర్వాత దేవుడి మీద భారం వెయ్యి. వదిలేసి ఇంటికి పోయి, దేవుడే చూసుకుంటాడంటే ఎలా నాయనా?"

"ఇది ఒంటెలాంటిది కాదు షేఖ్ గారూ. పడవ అనుకోండి. ముక్కు దగ్గర ఒక్క లంగరు వేస్తే గాలికి తిరిగి కుదురుగా ఉంటుంది. ముందూ వెనకా కట్టేస్తే అల పక్కనుంచి కొట్టి బోల్తా పడుతుంది."

"పడవల సంగతి మాకే చెబుతున్నాడు చూడండి," అన్నాడు వెనకనుంచి ఒక జాలరి. "రేవులో మేం రెండు వైపులా కట్టట్లేదా?"

"రేవులో మీకు రాతి గోడ అడ్డం ఉంది. పైన ఏ గోడ ఉంది అన్నా?"

ఆ జాలరి ఏదో జోకేశాడు, పక్కవాళ్ళు నవ్వారు. బస్యూనీ మాట ఆ నవ్వులో కలిసిపోయింది.

దుసూకీ జపమాల చేతిలోకి తీసుకున్నాడు. "మా పని చూసే ఇంజినీరమ్మదీ ఇదే పాట. కట్టొద్దు హాజీ అంటుంది. అమ్మా, నువ్వు ఎక్కడో స్మూహాలో పడుకుంటావు, నీ నెత్తి మీద క్రేన్ లేదు అన్నాను. నేను ఈ వీధిలో తలెత్తుకు తిరగాలి ఉస్తా. బ్రేకు వేసెయ్. వేయనంటే బలవంతం లేదు, కర్మూజ్ నుంచి ఇంకో క్రేన్ మేస్త్రీ మిత్‌వల్లీని పిలిపిస్తాను. వాడు బ్రేకు వేయడంతో ఆగడు, కదలకుండా వెల్డింగ్ కూడా పెట్టించి పోతాడు."

బస్యూనీ పక్కకు వెళ్ళి ఇంజినీరు నిర్మీన్‌కు ఫోను చేశాడు.

"వేయొద్దు ఉస్తా," అందామె వెంటనే. "ఆయనకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది."

"మీరొచ్చి నిలబడితే నాకు కాస్త బలం."

"నేనొచ్చి నిలబడితే నా బదులు ఇంకొకర్ని పెట్టుకుంటాడు. తనిఖీ చేసే పై ఆఫీసుకు ఫోను చేశాను. తుపాను పోయాక మనిషిని పంపుతామన్నారు."

"పోయాకా?"

"అదే అడిగాను," అందామె.

కాదని చెప్పి ఆ పూటే వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే తన చేతికి మట్టి అంటదు. కానీ ఖమీస్ ఇంటి కప్పు ఎక్కడికీ పోదు. మిత్‌వల్లీ వెల్డింగ్ పెట్టించాడంటే విప్పే దారి కూడా ఉండదు. బ్రేకైతే, దేవుడు తలిస్తే, మళ్ళీ వదలొచ్చు. ఇలా తనకు తాను చెప్పుకుంటూ బస్యూనీ నిచ్చెన ఎక్కాడు. ఇది బుద్ధితో చెప్పుకుంటున్న మాటో, పిరికితనంతో చెప్పుకుంటున్న మాటో అతనికే తేలలేదు.

క్రేన్ చెయ్యిని దుసూకీ స్థలం మీదుగా, ఉత్తర దక్షిణాలుగా నిలిపాడు. ఆ స్థలం అలాగే ఉంది మరి. తుపాను గాలి పడమటినుంచి వస్తుంది. అంటే సరిగ్గా అడ్డం; స్తంభం ఒరిగితే తూర్పు పక్కనున్న ఖమీస్ ఇంటి మీదికే. అయినా బ్రేకు వేశాడు.

కిందికి దిగేసరికి నఈమా రెండు చేతులూ పైకెత్తి దీవించింది. "నీ చేతులు చల్లగా ఉండాలి నాయనా. ఇవాళ కంటినిండా నిద్రపోతాం." దుసూకీ నిచ్చెన గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "నీ మనసు మారకుండా," అని భుజం తట్టాడు.

మర్నాడు మధ్యాహ్నానికి చీపురు వచ్చింది. పేరుకు తగ్గట్టే వీధిని ఊడ్చేసింది. దుకాణాల రేకులు ఎగిరాయి, సముద్రం గట్టు దాటి రోడ్డు మీదికి దూకింది. బస్యూనీ తడిసి ముద్దయి దుసూకీ ఇంటి తలుపు తట్టాడు.

"తాళంచెవి ఇవ్వండి హాజీ. వెళ్ళి వదిలేసి వస్తాను. ఒక్క మీట ఎత్తితే చాలు."

దుసూకీ అతన్ని లోపలికి లాగి తలుపు మూశాడు. "పిచ్చెక్కిందా? ఈ గాలిలో నిన్ను పైకి పంపి, రేపు నీ పెళ్ళాం పిల్లలకు ఏం చెప్పమంటావు? ఇంజినీరమ్మను అడుగు. ఇంత గాలిలో మనిషి ఎక్కకూడదని మీ నియమాల్లోనే లేదూ?"

ఉంది. బ్రేకు వేయకూడదన్న నియమం ఎంత నిజమో, ఇదీ అంతే నిజం. తాళంచెవి లాక్కున్నా, ఆ గాలి తనను సగం నిచ్చెన కూడా ఎక్కనివ్వదని బస్యూనీకి తెలుసు.

ఇక మిగిలింది ఒక్కటే. ఖమీస్ ఇంటికి పరుగెత్తాడు.

"రా నాయనా, ఎంత తడిశావో," అంది నఈమా. పొయ్యి మీద పప్పు సూపు ఉడుకుతోంది. మంచం మీద ఖమీస్ కిటికీలోంచి పైకి చూస్తున్నాడు. గాలి విసురుకు క్రేన్ మూలుగుతోంది. బరువెత్తలేని ఎద్దు మూలిగినట్టు లోతుగా, ఆగి ఆగి వస్తోంది ఆ చప్పుడు.

"పెద్దమ్మా, నేను రయ్యిస్‌ను వీపున వేసుకుంటాను. మీ చెల్లెలి ఇంటికి పోదాం. గాలి తగ్గాక వచ్చేద్దాం."

"ఎందుకూ? కట్టేశావుగా."

"కట్టేశాను కాబట్టే."

ఆమె గరిటె పక్కన పెట్టి అతని వైపు చూసింది. "నిన్న కట్టనందుకు మేం భయపడితే నవ్వావు. ఇవాళ కట్టేశానని నువ్వు భయపెడుతున్నావు. ఏది నమ్మమంటావు? చూడు నాయనా, ఈయన ఛాతీలో ఇప్పటికే నిమ్ము ఉంది. ఈ వానలో బయటికి తీస్తే పోతాడని డాక్టరు చెప్పాడు. క్రేన్ పడుతుందో లేదో దేవుడికి తెలుసు. తడిస్తే ఈయన పోతాడని మాత్రం నాకు తెలుసు."

బస్యూనీ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఏం చేయాలో తోచక, ముసలి సారంగుకు చెప్పుకున్నాడు. మోచెయ్యి చాచి, ఇది క్రేన్, గాలి ఇటునుంచి వస్తోంది, ఇది కదలకుండా బిగించి ఉంది అని చూపించాడు.

ఖమీస్ కళ్ళు అతని చెయ్యి మీద నిలిచాయి. బాగున్న చేతిని దుప్పటి కిందినుంచి తీసి పైకెత్తాడు. లంగరు మీద పడవ గాలికి తిరిగినట్టు దాన్ని మెల్లగా ఒక పక్కకు తిప్పాడు. తర్వాత వేళ్ళు ముడిచి, పిడికిలిని మంచం మీద పడేశాడు.

"దాహమా?" అంటూ నఈమా గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఖమీస్ నోరు తెరవలేదు. బస్యూనీ వైపే చూస్తున్నాడు. ఆ గదిలో సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకరు లేవలేరు. ఒకరు ఎక్కలేరు.

లేచి తన ఇంటికి పోవచ్చు కదా అన్న ఆలోచన బస్యూనీకి రాకపోలేదు. వచ్చింది. తాను ఇక్కడ కూర్చున్నంత మాత్రాన క్రేన్ నిలబడదు, పడితే ఇద్దరి బదులు ముగ్గురు పోతారు. అయినా లేవలేకపోయాడు. నఈమా ఇచ్చిన సూపు గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. గాలి విసిరినప్పుడల్లా గిన్నెలో సూపు వణికింది.

ప్రభూ, దాన్ని నిలబెట్టు అని పెదాలు మాత్రం కదుపుతూ వేడుకున్నాడు. గాలీ నీదే, ఇనుమూ నీదే. ఏది ఎంత భారం ఆపుతుందో ఆ లెక్క పెట్టినవాడివీ నువ్వే. ఆ లెక్క తప్పించమని నేను ఎలా అడగను? కానీ అడుగుతున్నాను. నా మాట అబద్ధమైతే అవనీ, నిలబెట్టు.

ఒక్కసారి పెద్ద విసురు వచ్చింది. మూలుగు కీచుమనే అరుపుగా మారింది. నఈమా భర్త మీదికి వంగిపోయింది. వీధిలో ఏదో కూలింది. ఎవరి డాబా మీదిదో నీళ్ళ డ్రమ్ము. ఆ తర్వాత, పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు గాలి పడమర విడిచి ఉత్తరానికి మళ్ళింది. క్రేన్ చెయ్యి పొడవునా వీచసాగింది. మూలుగు సన్నగిల్లింది. కాసేపటికి వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"అల్‌హమ్దులిల్లాహ్," అంది నఈమా. "చూశావా, ఉత్తినే బెంగపడ్డావు."

ఖమీస్ కళ్ళు మూసుకున్నాడు. అతని చెంప తడిగా ఉంది.

మర్నాడు ఎండ కాసింది. వీధి వీధంతా మేడ కింద చేరింది. నిర్మీన్ పొద్దున ఫోనులో చెప్పినట్టే బస్యూనీ స్తంభం మొదలు చుట్టూ తిరిగి, బోల్టుల దగ్గర చేత్తో తడిమి చూశాడు. రెండుచోట్ల రంగు పగిలి పొలుసులుగా లేచింది; కింద ఇనుము సాగితే రంగు అలా పగులుతుంది. దుసూకీని పిలిచి చూపించాడు.

"ఇది నిన్నటిదేనా?" అన్నాడు దుసూకీ.

అల్లా మీద ఒట్టేసి నిన్నటిదే అని బస్యూనీ చెప్పలేకపోయాడు. అంతకు ముందు రోజు చూడలేదు. "అనుకుంటున్నాను హాజీ."

"సముద్రపు గాలికి రంగు ఎక్కడైనా నిలుస్తుందా ఉస్తా? మా ఇంటి గేటు చూడు." దుసూకీ ముఖం వికసించి ఉంది. "ఇక ఈ చలికాలమంతా పని అయ్యాక ఇలాగే ఉంచుదాం. వెల్డర్‌ను పిలిచాను. సాయంత్రాలు ఒక కడ్డీ పెట్టి బిగించేలా చేసి పోతాడు, నువ్వు పైన తంటాలు పడక్కర్లేదు."

షేఖ్ ఫత్‌హల్లా వచ్చి బస్యూనీని దగ్గరికి తీసుకున్నాడు. "నిన్న నువ్వు వాళ్ళింట్లో కూర్చుని దుఆ చేశావట. హాజా చెప్పింది. దేవుడు నీ మొర ఆలకించాడు నాయనా. అందరి మొరా ఆలకించడు."

అవును, ఆలకించాడు. అడిగింది అడిగినట్టే ఇచ్చాడు. ఇవ్వకుండా ఉండాల్సింది అని మనసులో కూడా అనుకోలేడు. ఖమీస్ బతికి ఉన్నాడు, నఈమా కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. ఇచ్చినందుకు నిండుగా కృతజ్ఞత చెప్పుకోవడానికీ నోరు రావడం లేదు.

ఇంతలో పక్క వీధినుంచి ఒక పెద్దాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. బస్యూనీ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఉస్తా, మా వీధిలోనూ ఒక క్రేన్ ఉంది. నిన్నంతా దయ్యం పట్టినట్టు తిరిగింది. పిల్లలు ఏడ్చారు. దాన్ని నడిపే మా వాణ్ణి కట్టెయ్యరా అంటే, కట్టకూడదని ఏదేదో చెబుతాడు. కుర్రాడు, తెలియదు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలి. నీ మాటైతే వింటాడు."

"కట్టకూడదు బాబాయ్," అన్నాడు బస్యూనీ. "మీవాడు చెప్పిందే నిజం."

పెద్దాయన అతని ముఖంలోకి అయోమయంగా చూశాడు. తర్వాత తలెత్తి పైకి చూశాడు. ఆయనతో పాటు చుట్టూ ఉన్నవాళ్ళూ చూశారు. కడిగిన ఆకాశంలో క్రేన్, ఉత్తర దక్షిణాలుగా, నిటారుగా నిలబడి ఉంది.

"మరి అదేమిటి నాయనా?" అన్నాడు పెద్దాయన మెత్తగా.