ఏడు గింజల పాట

నా పెళ్లి కుదిరిన రోజు నుంచి మా ఇంట్లో పెళ్లికూతురి గురించి మాట్లాడిన వాళ్లు లేరు. చీర ఎవరు తెస్తున్నారో, పూలు ఎక్కణ్నుంచి వస్తాయో ఎవరికీ పట్టలేదు. అందరి నోటా ఒకటే మాట: పాట కుదిరిందా, లేదా? పెళ్లికొడుకు జడ్చర్ల రైలు స్టేషన్లో పనిచేసే నెమ్మదస్తుడు కాబట్టి సరిపోయింది గానీ, ఇంకొకడైతే ఆ పాటకే పెళ్లి చేసుకోండని వెళ్లిపోయేవాడు.

సంగతేమిటంటే, మా నాయిన ఇస్రాయేలు నిజాం ఫౌజు బ్యాండులో కార్నెట్ అనే చిన్న బాకా ఊదిన మనిషి. ఆ ఫౌజు పోయాక ఇత్తడి గుండీల కోటుతో పాలమూరు వచ్చి, పెళ్లిళ్లకు వాయించే బ్యాండు పెట్టుకున్నాడు. పాటను కాగితం మీద రాసే పద్ధతి కూడా ఫౌజులోనే నేర్చాడు. అడ్డంగా ఐదు గీతలు, వాటి మీద నల్లటి చుక్కలు, చుక్కలకు తోకలు. దాన్నే తన బ్యాండు వాళ్లకూ నేర్పాడు. వాళ్లు ఆ చుక్కలను చింతగింజలన్నారు. ఒక నిలువు గీతకూ ఇంకో నిలువు గీతకూ మధ్యనున్న జాగాను అర అన్నారు. అరకు నాలుగు గింజలు, గింజకొక అడుగు. సినిమా పాటైనా, భక్తి పాటైనా నాయిన చేతిలో పడ్డాక ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ సిపాయిలా నడవాల్సిందే.

మా అమ్మ జానమ్మకు ఆ నడక బొత్తిగా గిట్టదు. ఆయన ఇంట్లో కార్నెట్ తీస్తే ఆమె బిందె తీసుకుని నీళ్లకు పోయేది. "ఏ పాట ఊదినా ఒక్క తీరే ఉంటది. ఎవలన్న ఎట్ల కిరాయికి పిలుస్తరో" అనేది. అలాంటి అమ్మ నా పెళ్లి అనేసరికి నాయినను ఒక కోరిక కోరింది.

"పెండ్లిపిల్లను సాగదోలేటప్పుడు మా అమ్మ ఒక పాట పాడుతుండె. నా బిడ్డ చర్చికి పోయేటప్పుడు నీ బ్యాండుల ఆ పాట కొట్టాలె. మా అక్కలు గూడ పోయిరి. ఇగ నేను పోతే ఆ పాట ఎవ్వరికి రాదు."

ఆ మాట నిజం. ఆ పాట నేను నేర్చుకోవచ్చు గదా అంటారేమో, నా గొంతు గురించి మాట్లాడకపోవడమే అందరికీ మర్యాద.

"గంతేనా?" అని నాయిన మీసం దువ్వుకుని, "పాడు" అన్నాడు.

అమ్మ పాడింది. నాయిన లేచి నిలబడి, అలవాటు కొద్దీ అడుగు వేయబోయాడు. ఎడమ, కుడి బాగానే పడ్డాయి. కొంచెం దూరం పోయాక ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. మళ్లీ పాడమన్నాడు. మళ్లీ చెరువు గట్టు మీద కొంగలా నిలబడిపోయాడు. ఈసారి కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఏడు! జానమ్మా, మీ అమ్మ ఏడు లెక్క మీద పాడిందే!"

"మా అమ్మకు లెక్కలు రావు. పాట వచ్చు" అంది అమ్మ.

నాయిన ఆ పూటే కూర్చుని తన బ్యాండు వాళ్లు ముగ్గురికీ మూడు కాగితాలు రాశాడు. క్లారినెట్ సైదులుకు ఒకటి, పెద్ద బాకా అంజయ్యకు ఒకటి, డ్రమ్ము కురుమయ్యకు ఒకటి. ప్రతి అరలో వరసగా ఏడు గింజలు. "ఇండ్లల్ల మంచిగ సూసుకొని ఐతారం రాండ్రి" అని పంపాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మా వాకిట్లో చేరారు. నాయిన చెయ్యెత్తాడు, మొదలైంది. దాన్ని ఏమనాలో నాకు ఈనాటికీ తెలియదు. నాయిన అందరికన్నా ముందు పోయాడు. సైదులు వెనక పడ్డాడు, అంజయ్య మధ్యలో ఎక్కడో ఇరుక్కున్నాడు. కురుమయ్య డ్రమ్ము మాత్రం ఎవరూ అనుకోని చోటల్లా ఢామ్మని మోగింది. పక్కింటి మేక తాడు తెంపుకుంది.

"కాయిదంల ఉన్నది కొట్టుండ్రయ్యా!" అని అరిచాడు నాయిన.

"ఉన్నదే కొడుతున్నం మాస్టర్‌సాబ్" అన్నారు ముగ్గురూ. అంటూనే ముగ్గురూ ఆయన వంక జాలిగా చూశారు. ఆ జాలి ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఎన్నిసార్లు మొదలుపెట్టినా అదే గోల. చివరికి అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి గడపలోకి వచ్చింది. తిడుతుందనుకున్నాం. తిట్టినా బాగుండేది.

"ఒద్దులే. మీకొచ్చిన కవాతే కొట్టుకోండ్రి" అని లోపలికి పోయింది.

నాయిన అరుగు మీద కూలబడ్డాడు. "అది నన్ను ఇంత బంగారం అడగలే, పట్టుచీర అడగలే. ఒక్క పాట అడిగింది బిడ్డా" అన్నాడు నాతో. ఆయన గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపు రావాలి గానీ ముందు కోపమొచ్చింది. తప్పు ఎవరిదో ఇప్పుడే తేలుస్తానని ముగ్గురి చేతుల్లోంచీ కాగితాలు లాక్కున్నాను.

సైదులు కాగితంలో ప్రతి అర చివరా పెన్సిలుతో పెట్టిన గింజ ఒకటి కొత్తగా ఉంది. అంజయ్య కాగితంలో ఆ కొత్త గింజ నడుమ ఉంది. కురుమయ్య ఏకంగా బొగ్గుతో, రేగుపండంత గింజను ప్రతి అర మొదట్లో పెట్టాడు. ముగ్గురివీ ఎనిమిదేసి గింజలు.

"గిదేంది కురుమయ్య మామా?" అన్నాను.

కురుమయ్య నా చెవి దగ్గరికి వంగి రహస్యం చెప్పబోయాడు. డ్రమ్ము కొట్టేవాడి రహస్యం వీధి చివరికి వినిపించింది. "మాస్టర్‌సాబ్ పెండ్లి ఫికర్ల ఉన్నడు బిడ్డా. రెండు నాలుగులు ఎనిమిది గావాలె గద, అరకొక గింజ మరిచిండు. నలుగురిల చెప్తే ఇజ్జత్ పోతదని నేనే సదురుకున్న."

"నువ్వు గూడనా?" అన్నాడు సైదులు.

"మరి నేనేం జేసిననుకున్నరు?" అన్నాడు అంజయ్య.

తప్పు తనకొక్కడికే కనబడిందని ఎవరికి వారే అనుకున్నారు. మాస్టరు పరువు కాపాడి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నారు. ప్రేమ కొద్దీ ముగ్గురూ కలిసి మా అమ్మమ్మ పాట గొంతు నులిమారు.

నాయిన ముఖం ఎర్రబడింది. "ఏడు గింజలే ఉంటయిరా! అది తప్పు గాదు!"

కురుమయ్య జంకలేదు. "తప్పు గాదని కాయిదం మీద రాయొద్దా మాస్టర్‌సాబ్? ఇన్నేండ్లు నాలుగు నాలుగని మా పాణం దీసి, ఇయ్యాల ఏడు పెడితే మేమేమనుకోవాలె?"

నాయిన నా పెట్టెలోంచి తెల్ల కాగితాలు తెప్పించి, మొత్తం తిరగరాశాడు. ప్రతి కాగితం నెత్తిన పెద్ద అక్షరాలతో ఒక మాట పెట్టాడు: "ఏడే. తప్పు కాదు. ఎవడూ సదురొద్దు."

ఈసారి నలుగురూ కలిసి మొదలుపెట్టి కలిసి ముగించారు. కానీ నడుమ తగాదా తీరలేదు. అంజయ్య నాలుగు గింజలు నమిలి తర్వాత మూడు మింగాడు. సైదులు ముందు మూడు, తర్వాత నాలుగు. కురుమయ్య ఏడింటినీ ఒకే బలంతో బాదాడు. ఎందుకంటే, "ఏడుగురు కొడుకులుంటే అందరిని ఒక్క తీరు సూడాలె గద" అన్నాడు.

ఇక లాభం లేదని లోపలికి పోయి అమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

"మీ గింజలు నాకేం ఎరుక? నేను జొన్నరొట్టె జేస్తున్న" అంది.

"చెప్పొద్దు వదినె, జర పాడు. చేతులతోని చప్పట్లు గొట్టుకుంట పాడు" అని బతిమాలాడు సైదులు.

అమ్మ పిండి చేతులతోనే పాడింది. చరణం సాగుతుంటే చప్పట్లు పడ్డాయి, చప్పట్లకు జొన్నపిండి లేచింది. నాయిన ఈసారి చెవులతో కాదు, కళ్లతో విన్నాడు. ఒక చప్పట దగ్గర అమ్మ చేతులు కొంచెం ఆగుతున్నాయి. ఆ తర్వాతి రెండూ చకచకా పడుతున్నాయి.

"మూడు, రెండు, రెండు" అని గొణుక్కుంటూ కాగితం మీదికి వంగాడు. ఇంతకుముందు ఏ గింజ తోక దానికే విడిగా ఉండేది. ఇప్పుడు మొదటి మూడు గింజల తోకలను ఒక అడ్డగీతతో కలిపాడు. తర్వాత రెండింటిని ఒక గీతతో, చివరి రెండింటిని ఇంకో గీతతో.

"గిది ఇంటి కప్పు. ఒక్కో కప్పు కింద ఎంతమంది ఉన్నరో సూడుండ్రి. ఇంట్ల మొదటోని మీద అడుగు పడాలె. ముగ్గురున్న ఇంటి కాడ జర నిలబడి పోవాలె."

"అంటే డ్రమ్ము ఇంటి పెద్దకే?" అన్నాడు కురుమయ్య.

"ఇంటి పెద్దకే."

"గీ ముక్క మొదలే కాయిదంల ఉంటే అయిపోతుండె గద!"

వాయించారు. తడబడ్డారు, ఆగారు, మళ్లీ అందుకున్నారు. అయినా అది పాటే, అమ్మ పాడే పాటే. అమ్మ విన్నది. లోపల రొట్టె మాడిన వాసన రాగానే పొయ్యి దగ్గరికి పోయింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆమె ఏమనుకుందో తెలియక నాయిన పెళ్లి రోజు దాకా కొట్టుమిట్టాడాడు.

పెళ్లి నాడు మా వాడ నుంచి చర్చికి ఊరేగింపు కదిలింది. ఒక అడుగు నిదానంగా, రెండడుగులు చురుగ్గా. ఒక అర ఎడమ కాలితో మొదలైతే తర్వాతి అర కుడి కాలితో మొదలవుతుంది. ఎన్నడూ కవాతు తప్పని మనుషులు అటూ ఇటూ ఊగుతూ నడిచారు. జడ్చర్ల చుట్టాలు మొదట నవ్వి, తర్వాత తామూ అలాగే నడవసాగారు. నాకు మాత్రం అడుగు కలవలేదు. నాకెవరూ కాగితం రాసివ్వలేదు మరి.

అమ్మ ఆడవాళ్ల నడుమ ఎక్కడో వెనక ఉంది. నాయిన ఊదుతూనే ఆమె కోసం వెనక్కి చూసి చూసి, ఒకసారి ఎదురుగా ఆగి ఉన్న ఎడ్లబండిని గుద్దుకున్నాడు. అయినా పాట తప్పలేదు.

చర్చి మెట్ల దగ్గర పాట ముగిసింది. పాస్టరు గారు బైబిలు తెరిచి పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నారు. నాయిన కార్నెట్ దించి, అవసరం లేకపోయినా దాని మూతి తుడవసాగాడు. ఇప్పుడు మాత్రం అమ్మ వైపు చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

అమ్మ ఆడవాళ్లను తోసుకుంటూ బ్యాండు ముందుకు వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మ పాడినట్టే ఉంది" అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంకొక్కసారి కొట్టు."

ఒకసారి విన్నాక మళ్లీ ఊదమని అమ్మ ఆయనను అడగడం నేను పుట్టి ఎరగను. నాయిన గబగబా కార్నెట్ పెదవులకు ఆనించాడు. పెదవులు వణుకుతున్నాయి. వణికే పెదవులకు కార్నెట్ పలకదు. గాలే వచ్చింది, స్వరం రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ గాలే.

సైదులు అది చూసి క్లారినెట్ అందుకున్నాడు. అంజయ్య, కురుమయ్య కలిశారు. కార్నెట్ పలకాల్సిన చోటు ఖాళీగా ఉంది. అమ్మ ఒక్క క్షణం నాయిన ముఖంలోకి చూసింది. తర్వాత అంతమందిలో, చర్చి మెట్ల మీద, ఆ ఖాళీలో తనే గొంతెత్తి పాడింది. నాయిన కార్నెట్ చంకలో పెట్టుకుని, చెంపలు తడిసిపోతుంటే నిలబడి విన్నాడు.

నేను ఎండలో నిలబడి ఏడ్చాను. పాస్టరు గారు బైబిలు మూశారు. పెళ్లికి తొందరేమీ లేదనిపించింది నాకు.