మైసయ్య మీటరు

బకెట్లో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, భుజాన వేసుకుని గుమ్మం దిగాక బాలనర్సింహకు గుర్తొచ్చింది, తుడవడానికి కారు లేదని. ఇవాళ్టికి పదమూడు రోజులైంది కారు పోయి. పదమూడు రోజులుగా ఇదే వరస. ముప్ఫై ఏళ్ళ అలవాటుతో చెయ్యి ముందు పోతుంది, బుద్ధి వెనకాల ఆయాసపడుతూ వచ్చి చెబుతుంది. తడిపిన గుడ్డను ఊరికే ఆరేయడం ఇష్టం లేక గోడకు బిగించిన రేకు పెట్టెను తుడిచాడు.

అది బ్యాటరీ కారు కంపెనీవాళ్ళు తమ ఖర్చుతో పెట్టించిన ప్లగ్గు. మూత ఎత్తితే మూడు లావుపాటి రంధ్రాలు, మూత పక్కన బయటికి శనగగింజంత ఎర్రబల్బు. వాడినా వాడకపోయినా బల్బు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. పెట్టెకు మూరెడు కింద, అదే గోడలో పాత ఇనుప కడెం ఉంది. అతని తండ్రి మైసయ్య రోజుల్లో బర్రెలను దానికి కట్టేవాళ్ళు. గౌలిపురలోని ఆ సందులో సగం ఇళ్ళకు ఇంకా కడేలున్నాయి. బర్రెలు ఎప్పుడో పోయాయి.

"ఆ డబ్బని ఇంకెన్ని దినాలు తుడుస్తవయ్యా? చాయ్ తాగి కదులు. ఇయ్యాల్నే ఆఖరు గదా," అంది లోపలి నుంచి భార్య లలితమ్మ.

"తెల్సు తియ్," అన్నాడు బాలనర్సింహ. ఆ రెండు మాటలకే దగ్గు తెర వచ్చి, కుడిచేత్తో డొక్క పట్టుకుని కాసేపు గోడకు ఆనుకున్నాడు.

అతనికి యాభై ఎనిమిది. పొట్టి మనిషి. డ్రైవరు సీటు కిటికీలోంచి ఏళ్ళ తరబడి ఎండకు కాలిన కుడిచెయ్యి ఎడమదానికంటే రెండు రంగులు నలుపు. గోళ్ళ సందుల్లోని గ్రీజు ఏ సబ్బుకూ లొంగలేదు. ఎప్పుడూ ఖాకీ చొక్కా, జేబులో మడత పెట్టిన లైసెన్సు. పాత డీజిల్ అంబాసిడర్‌లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళను కాన్పులకు తీసుకెళ్ళాడు, పెళ్ళికూతుళ్ళను మండపాల దాకా దించాడు. అతని గురించి ఎవరైనా ఎప్పుడైనా గొప్పగా చెప్పుకున్నారా అంటే, లేదు. "నర్సన్న బండి ఉన్నదా?" అని అడిగేవాళ్ళు, అంతే. బండినే అడిగేవాళ్ళు.

ఆ బండికి ఇక పర్మిట్ ఇచ్చేది లేదన్నారు, పొగ ఎక్కువని. పొగ సంగతి డాక్టరు కూడా చెప్పాడు. "ఇంకో రెండేళ్ళు ఆ బండిలో కూర్చుంటే నా దగ్గరికి రానక్కర్లేదు," అన్నాడు. సరిగ్గా అప్పుడే దొరికింది ఆ గులాబీరంగు కాగితం. పాత డీజిల్ కారు అప్పజెప్పినవాళ్ళకు బ్యాటరీ కారు లీజుకు ఇస్తారట. అడ్వాన్సు మాఫీ. మొదటి ఏడాది నెలసరి కిరాయి సగమే. రోడ్డు పన్ను లేదు. రాత్రిపూట కరెంటు చవక. ఇంటిదగ్గర ప్లగ్గు ఉచితం. మొదటి ముప్ఫై మందికే, అదీ ఈ నెల ముప్ఫయ్యో తేదీ సాయంత్రం ఐదింటి లోపే. ఆ రాయితీలన్నీ తీసేస్తే ఆ కారు కుడిచక్రం కూడా బాలనర్సింహకు అందేది కాదు. అందుకే ఆ కాగితం చదివీ చదివీ మడతల దగ్గర చింపుకున్నాడు.

పదిహేను రోజుల కింద షోరూముకు వెళ్ళినప్పుడు అంతా చక్కగానే సాగింది. దరఖాస్తు నింపుతున్న అమ్మాయి పేరు ఇంద్రజ. మర్యాదస్తురాలు.

"ఇంటి కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉందండీ?"

"మా బాపు పేరు మీద. మైసయ్య."

"నాన్నగారు ఉన్నారా?"

"ఉన్నడు," అన్నాడు బాలనర్సింహ.

ఆ మాట అతని నోట్లోంచి రావడానికి ముందు ఎక్కడా ఆగలేదు. ఎలా ఆగుతుంది? మైసయ్య పోయి ఇరవై రెండేళ్ళు. ఒక బర్రెను అమ్మి ఆ సందులో మొదటి కరెంటు తెచ్చుకున్నవాడు. కొట్టంలో ఒకే ఒక బల్బు, దానికింద నాలుగు బర్రెలు. చేతులు కడుక్కోకుండా స్విచ్చి ముట్టేవాడు కాదు. మైసయ్య చనిపోయిన నెలలో కరెంటాఫీసు మనిషి బిల్లు పట్టుకొచ్చి "మైసయ్య ఉన్నడా?" అని కేకేస్తే, బాలనర్సింహ తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలి నుంచే "ఉన్నడు" అంది. ఎందుకన్నావమ్మా అంటే, "పేరున్న మనిషే లేడంటే వైరు గుంజుకపోతరు కొడుకా. ఆళ్ళకు చెప్పకు. చెప్పనన్ని దినాలు మీ బాపు ఉన్నట్టే," అంది. తల్లి పోయాక ఆ జవాబు లలితమ్మకు వచ్చింది, ఉప్పుజాడీ వచ్చినట్టే. నెలనెలా వాకిట్లో అదే కేక, లోపలి నుంచి అదే జవాబు. మరణం ఎక్కడా రాయించలేదు. మీటరు తిరుగుతూనే ఉంది, బిల్లు తప్పకుండా కడుతూనే ఉన్నారు, మైసయ్య ఉంటూనే ఉన్నాడు.

"అయితే చివరి తేదీలోగా ఆయన్ని ఒకసారి తీసుకొచ్చి సంతకం పెట్టించండి, చాలు," అంది ఇంద్రజ. అప్పుడైనా నోరు తెరవాలా లేదా? తెరవలేదు. ఇంతమంచి పని అబద్ధంతో చెడుతుందేమో అని భయపడి, ఇంకో అబద్ధంతో "తోల్కొస్త" అన్నాడు. రెండ్రోజులకు ప్లగ్గు పెట్టెవాళ్ళు వచ్చారు, అంబాసిడర్‌ను తుక్కుకు తీసుకుపోయారు. ఆ తర్వాత పన్నెండు రోజులు ఏంచేయాలో తెలియక తిరిగి, చివరికి నిన్న కరెంటాఫీసులో అడిగితే అఫిడవిట్టు ఉంటే పేరు మారుస్తామన్నారు.

చాయ్ తాగి నయాపూల్ బయలుదేరాడు. సాక్షిగా చిన్ననాటి దోస్తు భిక్షపతిని వెంటబెట్టుకున్నాడు. కోర్టు గోడ పక్కన గొడుగు కింద టైపు మిషన్ పెట్టుకుని కూర్చునే వైకుంఠం కాగితం ఎక్కించి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"తండ్రి చనిపోయిన తేదీ?"

బాలనర్సింహ భిక్షపతి మొహం చూశాడు. భిక్షపతి నింగి చూశాడు.

"మా నల్ల బర్రె ఈనిన నాడు," అన్నాడు బాలనర్సింహ.

"బర్రె ఈనిన నాడని స్టాంపు పేపర్ల రాస్తె జడ్జి నన్ను ఈనిపిస్తడు. తేదీ గావాలె."

"ఆగు ఆగు," అన్నాడు భిక్షపతి. "లాల్ దర్వాజ బోనాలైనయి. తెల్లారి ఘటం ఊరేగింపు తీసిన్రు, గప్పుడు మైసయ్య కాక నా పక్కన్నే నిలబడ్డడు. దాని తెల్లారి పోయిండు. మంగళారం. ఎనభై ఒకటి."

వైకుంఠం కుర్చీ కింది ట్రంకు పెట్టె తెరిచాడు. అందులో పాత పంచాంగాల కట్ట ఉంది. చావుల తేదీలు తెలియని బేరాలు నెలకు నాలుగైనా వస్తాయతనికి. ఉమ్మి తడితో పేజీలు తిప్పి, ఆషాఢంలో చివరి ఆదివారం పట్టుకుని, వేళ్ళ మీద రెండు రోజులు లెక్కవేసి, "ఇరవై ఎనిమిది, ఏడో నెల," అని టకటకా కొట్టేశాడు. కొట్టింది పైకి చదివాడు. "మా తండ్రి మైసయ్య పై తేదీన స్వగృహంలో మరణించినారని ప్రమాణపూర్వకంగా తెలియజేయుచున్నాను."

"ఇక్కడ సంతకం," అన్నాడు.

బాలనర్సింహ పెన్ను పట్టుకున్నాడు. పాడె మోసిన నాడు కూడా ఇంత భారం అనిపించలేదు అతనికి. ఆనాడు నలుగురు మోశారు. ఇవాళ ఒక్కడే, అదీ తన చేత్తో.

"రాయరా," అన్నాడు భిక్షపతి నెమ్మదిగా. "కాక ఏమనుకోడు. నీకు బండి వస్తుంటె ఆయినె అడ్డమొస్తడా?"

రాశాడు. రాసి, కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. నోటరీ దగ్గర ముద్ర వేయించుకున్నాక భిక్షపతి తన దుకాణానికి వెళ్ళిపోయాడు.

కరెంటాఫీసులో వీరరాఘవరావు అనే ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివాడు. గుంటూరు వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు.

"ఏంటయ్యా ఇది! చనిపోయిన మనిషి ఇరవై రెండేళ్ళ నుంచి టంచనుగా బిల్లు కడుతున్నాడా? బతికున్నవాళ్ళే కట్టట్లేదు మాకు."

"అవు సార్. తప్పయింది. ఒక్కటి చెప్పున్రి సార్, చెప్పకపోతె నిజంగనే వైరు గుంజుకపోతుండెనా?"

"వైరెందుకు లాగుతామయ్యా? అప్పుడే వచ్చి చెప్తే వారంలో పేరు మార్చేవాళ్ళం."

బాలనర్సింహ నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది. వీరరాఘవరావు తన మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, ఫైలు మీద సంతకం పెట్టాడు. మంచివాడే, పని ఆపలేదు.

"వచ్చే బిల్లు మీ పేరునే వస్తుంది."

"ఇయ్యాల రాదా సార్?"

"ఇవాళెలా వస్తుందండీ? రసీదిస్తాను, తీసుకెళ్ళి చూపించండి."

రసీదు జేబులో లైసెన్సు పక్కన పెట్టుకుని, రెండు బస్సులు మారి, మూసీ అవతల షోరూము చేరేసరికి నాలుగు దాటింది. అద్దాల లోపల తెల్లటి కారు ఒక్కటే నిలబడి ఉంది. చిన్నది. అంబాసిడర్ డిక్కీలో పట్టేటట్టుంది.

ఇంద్రజ అఫిడవిట్టు చదివింది. దరఖాస్తు తీసి పక్కన పెట్టింది. ఒకసారి ఇదీ, ఒకసారి అదీ చూసింది. ఆమె మొహం వాడిపోయింది.

"బాలనర్సింహ గారూ, నాన్నగారు ఉన్నారని మీరే చెప్పారు కదండీ. నేనే రాశాను ఇక్కడ. మీరు సంతకం పెట్టారు. ఇందులో ఎనభై ఒకటిలో పోయారని ఉంది. ఇదీ మీ సంతకమే."

"అది… అలవాటుల వచ్చింది మేడం. మా ఇంట్ల గట్లనే అంటరు."

"రెండు కాగితాలకూ పొంతన లేకపోతే హెడ్డాఫీసు వాళ్ళు తీసుకోరండీ. రసీదు కూడా పనికిరాదు, మీ పేరున బిల్లే ఉండాలి. జాబితా ఐదింటికి వెళ్ళిపోతుంది."

"వచ్చే నెల బిల్లు వస్తది గద మేడం."

"స్కీము ఇవాళ్టితో అయిపోతుంది. మళ్ళీ పెట్టినా పాత డీజిల్ బండి అప్పజెప్పినవాళ్ళకే." ఆమె గొంతు తగ్గింది. "మీ బండి ఇప్పటికే తుక్కుకు వెళ్ళిపోయిందండీ. రాయితీలు లేకుండా పూర్తి రేటుకు కావాలంటే మాత్రం…"

బాలనర్సింహ కోపం తెచ్చుకోలేదు, బతిమాలలేదు. అందరికీ కోపాలొస్తాయి, ఇతనికి ఎందుకు రాదో తెలియదు. కాగితాలు వరసగా మడిచాడు.

"ఒక్కసారి కూసోవచ్చా మేడం, అండ్ల?"

ఆమె కారు తలుపు తీసింది. కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద వేశాడు. ఇంద్రజ కిటికీలోంచి తాళం తిప్పింది. ఎదుట పచ్చలైటు వెలిగింది.

"స్టార్టయిందా?"

"అయిందండీ."

అతను చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు, వణుకు లేదు, పొగ లేదు. ఇన్నేళ్ళూ తన ఛాతీలోకి పోయిన పొగంతా అక్కర్లేకుండా పోయిందేనని తెలిసి దుఃఖం వచ్చింది. దిగి, తలుపు మీద తన వేళ్ళ గుర్తులు పడ్డాయని చొక్కా అంచుతో తుడిచి, దండం పెట్టి వచ్చేశాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతోంది. బయటి అరుగు మీద, ప్లగ్గు పెట్టె కింద కూలబడ్డాడు. లలితమ్మ గడపలోకి వచ్చింది.

"అయిందా?"

అతను జవాబు చెప్పడానికి ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఆ బండి స్టార్టయితె చప్పుడే ఉండది లలితా. ఉన్నదో లేదో గూడ ఎర్కయితలేదు."

"మంచిదే గద. నీ దగ్గు తక్కువైతది. ఆగు, చాయ్ పెడ్త."

ఆమె చాయ్ తెచ్చేసరికి అతని తల గోడకు ఆనింది, కుడిచెయ్యి బర్రెల కడెంలో ఉంది. అలసి కునికాడనుకుని, చల్లారిపోతుందని గ్లాసు మీద మూత పెట్టి పక్కనే కూర్చుంది. అతని ఛాతీలో ఎప్పుడూ వినిపించే గురగుర వినిపించడం లేదు. అది ఆమెకు తెలియడానికి కాసేపు పట్టింది.

పది రోజులు ఇంట్లో మనుషులున్నారు. తర్వాత లేరు. ఆ పై వారంలో మీటరు రీడింగు తీసే మనిషి సైకిలు గోడకు ఆనించి, చేతి మిషనులోంచి కాగితం చింపి, ఎప్పటిలా కేకేయబోయి ఆగాడు.

"పేరు మారిందేందమ్మా? బాలనర్సింహ అనొచ్చింది. ఉన్నడా?"

లలితమ్మ లోపల బియ్యం ఏరుతోంది. చేట మీద ఆమె వేళ్ళు ఆగాయి. అత్త చెప్పిన మాట ఆమెకు తెలుసు. వైర్లెవరూ లాక్కుపోరన్న సంగతి ఇంటికొచ్చి చెప్పేంత వ్యవధి బాలనర్సింహకు దొరకలేదు.

"ఉన్నడు," అంది.

అతను కాగితాన్ని రేకు పెట్టె మూత సందులో దోపి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. దానిమీది కొత్త పేరు పక్కన ఎర్రబల్బు వెలుగుతూనే ఉంది.