మేస్త్రీగారి కట్టుడు పళ్లు

పళ్ల డాక్టరమ్మ మా ఇద్దరికీ ఒకే రోజు ఒకే మాట చెప్పింది. ఉన్న పళ్లతో ఇక లాభం లేదు, తీయించేసి కట్టుడు పళ్లు పెట్టించుకోండి అని. మా ఆయన నా మొహం చూశారు. నేను గోడ గడియారం చూశాను. ముందు ఈయనకి పెట్టండి, బాగా కుదిరితే నేనూ వస్తానన్నాను. ఈ వయసులో భయమంటే నవ్విపోతారని భయం మాట ఎత్తలేదు. ఆయనకి కుదరకపోతే మాత్రం ఆ గడప తొక్కేది లేదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

మాది కుర్చీలూ బల్లలూ బాగుచేసే కొట్టు. చెక్కపని ఆయనది, పేము అల్లిక నాది. పేము బద్ద కొసని పళ్ల మధ్య బిగించి రెండు చేతులా అల్లడం నాకు మొదటినుంచీ అలవాటు. ఆ అలవాటే నా పళ్ల కొంప ముంచింది. ముందుపళ్లు ఊగుతున్నాయి, దవడపళ్లు పోటు పెడుతున్నాయి, ఏ వైపు నమిలినా ప్రాణం పోయినంత పనవుతోంది. పడుకుంటే దవడ కింద చెయ్యి పెట్టుకోవాల్సిందే. ఆయన చూసేవారు గానీ ఏమీ అనేవారు కాదు. అసలే మాటలు పొదుపుగా వాడే మనిషి. ఆ లోటు తీర్చడానికే మా అన్నయ్య నిన్ను చేసుకున్నాడని మా ఆడపడుచు ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

ఆయన పళ్లన్నీ తీయించుకుని, చిగుళ్లు మానాక సెట్టు వచ్చింది. అది పెట్టుకున్న రోజు ఆయన మొహం చూసి నవ్వాపుకోలేక కొట్టు వెనక్కి పారిపోయాను. నోట్లోకి ఎవరో చుట్టాలు దిగితే వాళ్లకి చోటిచ్చి తను ఓ మూల సర్దుకున్నట్టు కూర్చున్నారు పాపం. డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ నేనే నెత్తిన వేసుకున్నాను. పడుకునేముందు తీసి నీళ్ల గిన్నెలో వెయ్యాలి. పేస్టు గరుకు కాబట్టి వాడకూడదు, మెత్తటి బ్రష్షుతో సబ్బు పెట్టి తోమాలి. చెయ్యి జారినా విరగకుండా కింద నీళ్ల పళ్లెం పెట్టుకోవాలి. తిండి చిన్నచిన్న ముక్కలు చేసి రెండువైపులా నమలాలి. ఎక్కడైనా ఒరుసుకుంటే నా దగ్గరికి రండి, మీరు మాత్రం చెయ్యి పెట్టకండి అని ఆవిడ మరీ మరీ చెప్పింది.

నాలుక అలవాటు పడాలంటే పైకి చదవాలట. మా కొట్టులో చదవడానికి ఏముంది? చెక్కలు అతికించే వజ్రం డబ్బా తీసుకుని, దానిమీద రాసున్న "గాలి తగలని చోట భద్రపరచవలెను, పిల్లలకు అందనివ్వరాదు" అని గట్టిగా చదివేవారు. ఒకరోజు కుర్చీ ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి గుమ్మంలో నిలబడి మొత్తం విని, ఎవరికండీ ఈ ఉపన్యాసం అని నన్ను అడిగాడు. మొదట్లో సగం అక్షరాలు బుస్సుమనేవి. రానురాను మాట తేటపడింది. అది వింటుంటే నాకు సంతోషమూ వేసింది, గుబులూ వేసింది. తర్వాత వంతు నాదేగా మరి.

ఇంతలో చదవడం ఆగిపోయింది. పళ్లెంలో సగం తిండి అలాగే వదిలేస్తున్నారు. అడిగితే ఆకలి లేదనేవారు. ఒక మధ్యాహ్నం నేను కొట్టులోకి అడుగుపెట్టేసరికి కింది సెట్టు గుడ్డలో చుట్టి, చెక్కలు కదలకుండా పట్టే వైసులో బిగించి ఉంది. ఆయన చేతిలో గరుకు కాగితం. పెదాలూ గడ్డమూ నాలుకా అంతా నీలం.

"తలుపు పట్టేస్తే ఏం చేస్తాం?" అన్నారు, నేను అడక్కుండానే. "సుద్ద రాసి ఎక్కడ అంటుకుంటోందో చూసి, అక్కడ కాస్త తీస్తాం. అంతేగా."

తలుపుకైతే అంతే. నోరు తడిది కాబట్టి నీలం సుద్ద కరిగి అంతటా పాకింది. గుర్తు అంతటా పడితే ఈయన అంతటా రుద్దేశారు. తీరా పెట్టుకుంటే సెట్టు గలగలలాడుతోంది. కుర్చీ కోసం వచ్చినాయనకి రేపు ఇస్తానని చెప్పబోతే కింది వరస తనే స్వయంగా వెళ్లి ఇచ్చొచ్చేలా ముందుకు దూకింది.

నేను చెడామడా తిట్టాను. అయితే నిజం చెప్పొద్దూ, తిడుతూనే లోపల్లోపల హాయిగా ఉంది. సాకు దొరికింది కదా. ఇలాంటివి నాకొద్దు, నేను వెళ్లేది లేదు, ఇక ఆ మాట ఎత్తకండి అని తేల్చి చెప్పి అల్లిక ముందేసుకుని కూర్చున్నాను. అలవాటు కొద్దీ బద్ద పళ్ల మధ్య పెట్టి లాగేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన అది చూశారు. సెట్టు తుడిచి జేబులో వేసుకున్నారు.

మర్నాడు నేను లేచేసరికి మనిషి లేరు. వద్దన్న పని చేసి మళ్లీ ఆ డాక్టరమ్మ ముందుకి వెళ్లడమంటే ఆయనకి తల కొట్టేసినట్టే. అయినా వెళ్లారు. సుద్ద సంగతితో సహా అంతా చెప్పేశారట. ఆవిడ నవ్వి నవ్వి, ఆ తర్వాత బాగా కేకలేసి, లోపలివైపు కొత్తగా పోతపోయిస్తానని సెట్టు ఉంచుకుంది. అది తిరిగొచ్చాక మాత్రం ఎక్కడ చిన్న మంట అనిపించినా పని ఆపేసి బుద్ధిగా ఆవిడ దగ్గరికే వెళ్లొచ్చేవారు.

కొన్నాళ్లకి ఓ మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చుని, పళ్లెంలో ఉన్నదంతా నిదానంగా, రెండువైపులా నమిలి తిన్నారు. చెయ్యి కడుక్కుని, ఇక నీ వంతు అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "అంత నొప్పిగా ఉంటే అప్పుడే నాతో చెప్పొచ్చుగా? వాటిని రుద్దడమెందుకు?"

"చెప్తే నువ్వు వెళ్లవు," అన్నారు. "నీకు తెలిసేలోపు సరిచేసేద్దామనుకున్నా. రోజూ దవడ పట్టుకుని మూలుగుతావు. నాకు వినపడదనుకున్నావా?"

ఈ మనిషి తన నొప్పి దాచింది నా నొప్పి పోగొట్టడానికా? సిగ్గేసింది. ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. చేతిలో ఉన్న బద్ద కుర్చీ మీద పెట్టేసి చెప్పులు వేసుకున్నాను.

డాక్టరమ్మ కుర్చీలో వాలేసరికి మళ్లీ మొదటికొచ్చింది. దవడలు బిగుసుకుపోయాయి. ఆవిడ ఎంత చెప్పినా పెదాలు విచ్చుకోవే. ఆయన స్టూలు జరుపుకుని పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు.

"నేనిక్కడే ఉన్నా. నొప్పేస్తే చెప్పు, నాలా దాచకు. కాస్త నోరు తెరువు, నీకు పుణ్యముంటుంది," అన్నారు.

ఇన్నేళ్ల కాపురంలో నన్ను నోరు తెరవమని ఆయన బతిమాలింది అదే మొదటిసారి. తెరిచాను.