అక్క పెంచిన ఆకుకూర

అద్దకాల షెడ్డులో రంగునీళ్లు శుభ్రం చేసే మిషన్ ఆగిపోయి చాలాకాలమైంది. చెడిపోయి కాదు. బట్టలు కొనే విదేశీ కంపెనీ రేటు తగ్గించింది, ఇక్కడ కరెంటు ధర పెరిగింది.

"మిషన్ నడిపితే షెడ్డు మూసుకోవాలి. అందరూ వీధిన పడతారు. నువ్వే చెప్పు మేస్త్రీ, ఏం చెయ్యమంటావ్?" అన్నాడు ఓనరు. చెడ్డవాడైతే కసితీరా తిట్టుకోవడానికైనా వీలుండేది. మేస్త్రీ రంగునీళ్ల తూము తనే కాలువవైపు తిప్పాడు.

ఆ కాలువ దిగువనే అతని అక్క ఆకుకూరల మడి ఉంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. తమ్ముడి కూతురు కడుపుతో ఉందని తెలిసినప్పటి నుంచీ వారంవారం బుట్టెడు కూర మోసుకొస్తోంది. "నా బంగారుతల్లికి ఒంట్లో రక్తం పట్టాలిరా" అంటుంది. మేస్త్రీ నవ్వుతూ అందుకుంటాడు. అక్క సందు మలుపు తిరగగానే పెరటి మురుగులో పారబోస్తాడు. పురుగు పట్టిందని భార్యతో అబద్ధమాడి బజారు కూర తెప్పిస్తాడు. అదెక్కడ పండిందో అడగాలన్న ఆలోచనే రాలేదు మహానుభావుడికి.

ఒకరోజు గొడుగు మరిచిపోయి అక్క వెనక్కొచ్చింది. మురుగులో తేలుతున్న కూర చూసి నిలబడిపోయింది.

"నా చేతి కూర అంత చేదైపోయిందా తమ్ముడూ?"

మేస్త్రీకి ఏడుపు ఆగలేదు. "అవి విషపు నీళ్లక్కా. తూము తిప్పుతున్నది నేనే."

"తెలుసురా. పూటకో రంగు వస్తుంటే నాకు కళ్లు లేవా? రంగు రాని రోజున నీ పని పోయిందేమోనని దిగులుపడేదాన్ని."

"మరి తెలిసి తెలిసి మాకెందుకు తెచ్చావ్?"

"ఇది మడిలోది కాదురా పిచ్చోడా. మీకోసం ఇంటి దగ్గర డబ్బాల్లో వేశాను. తాగే నీళ్లలో మిగిల్చి పోశాను. మడి కూర నేనూ ముట్టను."

"మరి దాన్నేం చేస్తున్నావ్?"

అక్క తల దించుకుంది. "బజారు కొట్టువాడికే వేస్తున్నా. నేనూ బతకాలి కదా!"

మేస్త్రీ లోపలికి పరుగెత్తాడు. వంటింట్లో కూతురు కంచం చివరంటా తుడుచుకు తింటోంది. గుమ్మంలో అత్తను చూసి ముఖం విప్పారింది.

"రా అత్తా, నువ్వూ కూర్చో. ఇవాళ కూర ఎంత బాగుందో!"